పులస జన పట్టిన పింగాణీ బేసిను

పింగాణీ పూత పూసిన ఇనప బేసిన్ని నేను. ఒళ్లంతా తెలుపు, అంచుకి నీలం గీత. ఇప్పుడా తెలుపు చాలాచోట్ల పెచ్చులూడి నల్లమచ్చలు పడ్డాయి. అడుగున కాస్త తుప్పు కూడా పట్టింది. నన్ను ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో చేశారు. రేకుని అచ్చులో పెట్టి నొక్కి, గాజుపొడి కలిపిన చిక్కటి నీళ్లలో ముంచి, ఎర్రటి కొలిమిలో కాల్చారు. కాల్చినవాళ్ల ముఖాలు నాకు గుర్తులేవు. వాళ్లకీ నేను గుర్తుండను. గడ్డివేసిన చెక్కపెట్టెలో రైలెక్కి గోదావరి జిల్లాకి వచ్చాను.

ఏటిగట్టు మీద ఒక డాక్టరమ్మ చిన్న పురుళ్ల ఆస్పత్రి నడిపేది. పుట్టిన పిల్లలకి మొదటి స్నానం చేయించడానికని నన్ను కొంది. అక్కడే వరహాలు చేతికి వచ్చాను. వరహాలు ఆ ఆస్పత్రిలో ఆయా. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన, ఏటి మధ్య ఉన్న ముత్యాలలంక ఆమె ఊరు. రోజూ రేవు దాటి పనికి వచ్చేది. గట్టిగా మాట్లాడే మనిషే గానీ చేతులు మాత్రం వేరే మనిషివి అనిపించేవి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకుని, బిడ్డ మెడకింద రెండు వేళ్లు ఆనించి, పడవని రేవులోకి దించినట్టు మెల్లగా నాలోకి దించేది. లోకంలోకి వచ్చినందుకు గుక్కపట్టి ఏడుస్తున్నవాళ్లు ఒక్కసారి ఊరుకునేవాళ్లు. ఆ తర్వాత వాళ్లు పెద్దవాళ్లై ఏం చేశారో నాకు తెలియదు. కొందరు ఏట్లో ఇసుక తవ్వే యంత్రాలు కొన్నారని మాత్రం విన్నాను.

ఊళ్లోకి పెద్ద ఆస్పత్రులు వచ్చాయి. డాక్టరమ్మ ముసలిదైంది. మూసేసే రోజున పనివాళ్లందరినీ పిలిచి ఏం కావాలో తీసుకోమంది. ఒకరు మంచం అడిగారు, ఒకరు ఫ్యాను అడిగారు. వరహాలు నన్ను అడిగింది.

ఆమె మొగుడు దానయ్య. ఏటిమీద వల వేసుకు బతికేవాడు. తక్కువ మాటలు, ఎక్కువ ఓపిక. సంవత్సరమంతా జెల్లలూ బొచ్చెలూ పట్టినా, అతను బతికేది వరదకాలం కోసమే. గోదావరి ఎర్రనీళ్లు సముద్రంలో కలిసినప్పుడు అక్కడున్న ఇలస అనే చేప వాసన పట్టి వెనక్కి తిరుగుతుంది. సముద్రంలో దాన్ని పెద్దగా పట్టించుకునేవాళ్లు ఉండరు. ఏట్లో ఎదురీదుతూ ఉప్పు వదిలి, కొవ్వు కరిగి, వెండిరంగు మీద గులాబీ జీర తేలేసరికి దానికి పులస అని పేరు వస్తుంది. ఆ పేరు వినగానే మనుషులకి పిచ్చెక్కుతుంది. ఎంత దూరం ఎదురీదితే అంత రుచి అంటారు. అంత కష్టపడి ఎందుకు ఎదురీదుతోందని మాత్రం ఎవరూ అడగరు. తియ్యనీళ్లలో గుడ్లు పెట్టడానికి అది పొట్టనిండా జనతో, ఆ గుడ్ల ముద్దతో వస్తుంది. ఆ జన వేపుడు కూడా బాగుంటుందట.

దానయ్య తాతల కాలంలో ఈ చేప కొండల దాకా వెళ్లేదని చెప్పుకునేవారు. ఆనకట్ట కట్టాక అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. గేట్లు ఎత్తినప్పుడు దూకే నీళ్లకింద ముట్టెలు పైకెత్తి తిరుగుతూ ఉండేదట. దారి తెలియని చేపని పట్టడం కష్టం కాదు. దానయ్య నాయన ఆ గోడకిందే వలవేసి ఇల్లు కట్టుకున్నాడు. దానయ్య రోజులకి ఆ ఇంటి పెంకులు మార్చేటన్ని చేపలు కూడా రావడం లేదు.

అటువంటప్పుడు లంక ఎదుటి గట్టు మీద చేపపిల్లల కేంద్రం ఒకటి తెరిచారు. దాన్ని నడపడానికి కస్తూరి అనే అమ్మాయి వచ్చింది. అనంతపురం వైపు పిల్ల. ఇన్ని నీళ్లు ఒక్కచోట చూడటమే కొత్త. చేపల చదువు చదువుకుని, పులసని మళ్లీ పెంచి ఏట్లో వదలాలని పట్టుదలతో వచ్చింది. రేవులో జాలర్లందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. పులస వల్లోంచి తీసిన కాసేపటికే చచ్చిపోతుంది, ఒడ్డుకి తెచ్చే వీలుండదు. అందుకే పండిన ఆడచేప, మగచేప ఒకేసారి దొరికితే నావలోనే ఆడదాని జన, మగదాని పాలు, అంటే వీర్యం, తీసి కలపాలి. పొదిగిన పిల్లల్ని చెరువులో సాకి, బొటనవేలంత అయ్యాక ఏట్లో వదలాలి. అవి సముద్రానికి వెళ్లి, పెరిగి, మళ్లీ ఇక్కడికే వస్తాయి. జాలర్లు విని తలలూపారు. నావ ఇస్తానని లేచినవాడు దానయ్య ఒక్కడే. అది ఆ పిల్ల మాట నమ్మి కాదు, రెండురోజులుగా వల ఖాళీగా వస్తుండటం వల్ల అని తర్వాత వరహాలుతో ఒప్పుకున్నాడు.

మొదటిసారి నావెక్కిన రోజున వరహాలు కూడా వెళ్లింది. అన్నం మూటకట్టి నాలో పెట్టుకుంది. మధ్యాహ్నానికి వల్లో రెండూ పడ్డాయి, ఆడదీ మగదీ. ఆ కంగారులో కస్తూరి తెచ్చుకున్న ప్లాస్టిక్ పళ్లెం గాలికి లేచి ఏట్లో పడిపోయింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. వరహాలు అన్నం మూట తీసి పక్కన పెట్టి, నన్ను చీరకొంగుతో తుడిచి చాచింది. నీళ్లు పొయ్యనా అని అడిగితే, వద్దు, తడి ఉండకూడదు, నీళ్లు చివర్న అంది కస్తూరి. పిల్లలకైతే నీళ్లే ముందు అని గొణుక్కుంటూ వరహాలు మళ్లీ తుడిచింది.

నావ ఊగుతోంది. కస్తూరికి చేప పట్టుకోవడం తెలుసు గానీ ఊగే చెక్క మీద నిలబడటం కొత్త. వరహాలుని ఎదురుగా కూర్చోమని, చేప తలని అరచేతిలో ఆనించుకోమని చెప్పింది. తను చేప పొట్ట మీద బొటనవేలితో పైనుంచి కిందికి మెల్లగా నిమిరింది. జన ధారకట్టి నాలో పడింది. లేత పసుపు, రవ్వలాంటి గింజలు. వాటి మీద మగచేప పాలు పిండి, కోడి ఈకతో కలిపి, అప్పుడు ఏటినీళ్లు పోశారు. నాలో ఎన్నో స్నానాలు జరిగాయి గానీ ఇంత నిశ్శబ్దంగా ఎవరూ పుట్టలేదు.

మర్నాడు ఉదయం కేంద్రంలో గాజుజాడీలో వెంట్రుక ముక్కల్లాంటివి కదులుతున్నాయి. కస్తూరి భూతద్దం వరహాలు చేతికి ఇచ్చింది. ఆమె చాలాసేపు చూసింది.

“కళ్లున్నాయండమ్మా దీనికి,” అంది చివరికి.

కస్తూరి నవ్వబోయి ఏడ్చింది. ఆ రోజు నుంచి వరహాలు కేంద్రంలో పనిమనిషి. కస్తూరి ఆమెని అక్కా అనేది. నేను కేంద్రానికి, నావకి మధ్య తిరిగేదాన్ని.

పిల్లలు పెరిగాయి. అన్నీ కాదు. చెరువునీళ్లు కాస్త వేడెక్కితే కొన్ని పోయేవి, మనిషి నీడ పడి బెదిరినా కొన్ని పోయేవి. అంత సున్నితమైన చేప అంత వరదకి ఎలా ఎదురీదుతుందో ఇద్దరికీ అర్థమయ్యేది కాదు. మిగిలినవాటిలో పెద్దవాటికి వీపు మీద పసుపు దారంలాంటి గుర్తు కుట్టారు. ఆ దారంతో ఒక్క పెద్దచేప తిరిగొస్తే చాలు, మన పని నిజమని చెప్పొచ్చు అనేది కస్తూరి.

వాటిని ఏట్లో వదిలే రోజుని ఉత్సవం చేశారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. ఒక నాయకుడు రావాలి. పొద్దున్నే చల్లగా ఉండగా వదలాల్సిన పిల్లలు గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఎండలో కూర్చున్నాయి. కస్తూరి పైఅధికారి దగ్గరికి పోయి వదిలేద్దామని బతిమాలింది. ఫొటో లేకుండా వదిలితే వదిలినట్టు ఎవరికి తెలుస్తుందని ఆయన మెత్తగానే అడిగాడు. వరహాలు తడిగోనెలు తెచ్చి సంచుల మీద కప్పింది. అది చూడ్డానికి బాగాలేదని ఎవరో తీసేశారు.

నాయకుడు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి పోస్తే ఫొటో బాగుండదని పిల్లల్ని నాలోకి వంచి ఆయన చేతికి ఇచ్చారు. ఆయన నన్ను వంచాడు. చప్పట్లు కొట్టారు. కొన్ని పిల్లలు తోకలు ఆడించి లోతుకి దిగాయి. చాలా పిల్లలు పొట్టలు పైకి తిప్పి నురగతో పాటు ఒడ్డుకి వచ్చాయి. గద్దలు దిగడం మొదలుపెట్టాక అందరూ భోజనాలకి లేచారు. విస్తళ్లలో పులస పులుసు. పక్కన జన వేపుడు.

ఆ చేపని ఎవరు తెచ్చారో వంటవాడి నోట వరహాలు వింది. ఇంటికి వెళ్తూ నావలో ఉండగా మొగుణ్ని అడిగింది.

“పొద్దున ఆళ్లకి చేపిచ్చింది నువ్వేనంటగా?”

దానయ్య తెడ్డు వేస్తూనే అవునన్నాడు.

“జనుందా దానికి?”

“నిండా ఉంది. నేనివ్వాపోతే పక్కనావోడు ఇచ్చేవోడే. ఆళ్ల విస్తళ్లలోకి ఎలాగూ పులస రావాలి.”

“మరి మనం ఆ పిల్లల్ని సాకింది ఎవరికోసం మావా?”

దానయ్య తెడ్డు ఇంకా గట్టిగా వేశాడు. ఒడ్డు చేరాక నావని లాగడంలో అవసరం లేనంత బలం ఉపయోగించాడు.

తర్వాతి వరదలు మునుపటిలా రాలేదు. పైన ఎక్కడికక్కడ నీళ్లు ఆపుకుంటున్నారని చెప్పుకున్నారు. ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడుకుపోతోంది, చేపకి లోపలికి దారి ఉండటం లేదని దిగువ జాలర్లు అన్నారు. దారి ఉన్నచోట ఒడ్డునుంచి ఒడ్డుకి వలలు. ముత్యాలలంక ముందు ఇసుక తవ్వే యంత్రాలు పగలంతా రొదపెట్టేవి. గుడ్లుపెట్టే మెరకలన్నీ గుంటలైపోయాయి. ఎగువనుంచి ఒక్కోరోజు నీళ్లు తేయాకు డికాషన్ రంగులో వచ్చి ముక్కులు మండించేవి. ఎవరి పని అని అడిగితే అందరూ ఎగువకి చెయ్యి చూపించేవారు. ఎగువవాళ్లని అడిగితే వాళ్లకీ ఇంకా ఎగువ ఉండేది. ఇన్నింటి మధ్య కస్తూరి, దానయ్య, వరహాలు నావలో కూర్చుని వల్లో ఒక ఆడది ఒక మగది పడతాయేమో అని చూసేవాళ్లు. నేను తుడిపించుకుని, ఆరి, ఖాళీగా ఉండేదాన్ని.

ఒక శనివారం వరహాలు నన్ను చంకన పెట్టుకుని ఎండుచేపల సంతకి వెళ్లింది. మొగ దగ్గరి ఊరినుంచి వచ్చిన ఒకామె గోనె మీద కుప్ప పోసి కూర్చుంది. కోళ్లమేతకి కొనే చిల్లరచేప. వేలెడంత కూడా లేనివి అన్నీ కలిసి ఎండిపోయి ఉన్నాయి. వరహాలు బేరం ఆడుతూ గుప్పెడు తీసి నాలో వేసింది. అందులో పసుపు దారం ఉంది.

ఆమె కూర్చుండిపోయింది. కుప్పలో చెయ్యిపెట్టి కెలికింది. ఇంకొకటి దొరికింది. ఎక్కడివమ్మా ఇవి అని అడిగితే, మొగలో దోమతెర వల కడతామని, అందులో ఏది పడితే అది ఎండబెడతామని ఆ మనిషి చెప్పింది. పేరు తెలిసిన చేపైతే ఇలా ఎందుకమ్ముతాను అని నవ్వింది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకీ ఇంట్లో పొయ్యి ఉంది.

వరహాలు ఆ దారాలని కొంగున ముడివేసుకుని తిన్నగా కేంద్రానికి వెళ్లి కస్తూరి బల్ల మీద పెట్టింది. ఆ దారం తిరిగిరావాలని కదా ఆ పిల్ల ఇన్నాళ్లు కాచుకుంది. కస్తూరి వాటిని వేలితో సరిచేసి, పక్కపక్కన పెట్టి చూసింది.

“మొగదాకా వెళ్లాయిలే అక్కా,” అంది. 

ఈ సంగతి దానయ్యకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అతనికి తెలిసిందని మాత్రం తెలుసు. మరుసటి వరదకి ఏరంతా తిరిగినా చేప లేదు. ఊళ్లో దుకాణాల్లో మాత్రం పులస ఉంది. ఎక్కడో ఒడిశా నుంచో బెంగాల్ నుంచో మంచుపెట్టెల్లో వచ్చిన ఇలసకి ఆ పేరు పెట్టి అమ్ముతున్నారు. కొన్నవాళ్లు అదే రుచి, మన గోదారి రుచి అని మెచ్చుకుంటున్నారు.

ఎర్రనీళ్లు తగ్గే రోజుల్లో ఒక పూట దానయ్య కేక వినిపించింది. అతను కేక వేసే మనిషి కాదు. వరహాలు నన్ను పట్టుకుని రేవుకి పరుగెత్తింది. ఎదుటి గట్టునుంచి కస్తూరి ఇంకొకరి నావలో వచ్చింది. వల్లో పెద్ద ఆడచేప. ముట్టుకోకుండానే జన కారుతోంది. దానయ్య దాన్ని పైకి లాగకుండా, వలతోసహా నీళ్లలోనే ఒడిసిపట్టుకుని ఉన్నాడు. ఇంత పండినది ఇన్నేళ్లలో చూడలేదంది కస్తూరి. బేరగాడు ఒకడు అప్పటికే గట్టు మీద మోటారుసైకిలు ఆపి చేతులూపుతున్నాడు. దానయ్య అటు తలతిప్పలేదు.

“పానం పోకముందే కానీండమ్మా,” అన్నాడు.

వరహాలు తల పట్టింది, కస్తూరి నిమిరింది. నేను నిండాను. అంత జన నాలో ఎప్పుడూ పడలేదు. పడటం ఆగేసరికి తల్లి కూడా ఆగిపోయింది. ఇక మగచేప కావాలి, త్వరగా. కస్తూరి నా మీద తడిగుడ్డ కప్పింది. దానయ్య మళ్లీ వల వేశాడు. గుర్రపుడెక్క వచ్చింది. మళ్లీ వేశాడు. ప్లాస్టిక్ సంచులు, ఎవరో నిమజ్జనం చేసిన విగ్రహం చెయ్యి. వరహాలు ఏటిమీదున్న ప్రతి నావనీ పేరుపెట్టి పిలిచి అడిగింది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. వలలు ఎత్తి చూపించారు. కొందరు తాము కూడా వేసి చూశారు. ఆ కాసేపు ఏరంతా ఒక్క మగచేప కోసం వెతికింది. నేను మనుషుల గురించి కొంచెం వెటకారంగానే మాట్లాడతాను గానీ ఆ పూట చూసినదాన్ని అబద్ధం అనలేను.

చివరికి దిగువన ఒక ముసలి జాలరి దగ్గర ఒకటి దొరికింది. తెల్లారి పట్టి మంచులో పెట్టాడు. బిర్రబిగుసుకుపోయింది. దాన్ని వరహాలు తన చీరలో చుట్టి వెచ్చచేయాలని చూసింది. కస్తూరికి అందులో ప్రాణం ఉండదని తెలుసు. అయినా పొట్ట కోసి, ఉన్నదాన్ని పిండి, ఈకతో కలిపి, నీళ్లు పోసింది. వరహాలు ఆ రాత్రికి నన్ను తన పక్కనే పెట్టుకుంటానంది.

తెల్లవారేసరికి నాలో ఉన్నదంతా తెల్లబడింది. నానిన సగ్గుబియ్యంలా, ఒక్కదాంట్లోనూ కదలిక లేదు. కస్తూరి వచ్చి ఒక్క చూపు చూసి గుమ్మంలోనే కూర్చుంది. ఇరుగుపొరుగు అత్తయ్యలూ వదినలూ వచ్చి, కోళ్లకి వెయ్యమన్నారు. వరహాలు వినిపించుకోలేదు. నన్ను నెత్తిన పెట్టుకుని రేవుకి నడిచింది. మోకాళ్లలోతు దిగి, బిడ్డని దించినట్టే వంచి, మెల్లగా నీళ్లలోకి వదిలింది. ఎక్కడినుంచో చైనా గొరకలు వచ్చాయి. చెరువుల్లోంచి తప్పించుకుని ఏరంతా నిండిపోయిన చేప అది, ఏ నీళ్లలోనైనా బతుకుతుంది. చూస్తుండగానే మొత్తం తినేశాయి. నీళ్లు తేటపడ్డాయి. వరహాలు నన్ను కడిగి ఒడ్డెక్కింది.

ఆ సంవత్సరంతో పులస పని ఆపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కేంద్రం చెరువుల్లో ఇప్పుడు త్వరగా పెరిగే వేరే చేపని పెంచుతున్నారు. అది ఎక్కడికీ వెళ్లదు, ఎక్కడినుంచీ తిరిగిరాదు, సులువు. దానయ్య నావ అమ్మేసి పర్యాటకుల పడవ నడపడానికి కుదిరాడు. వాళ్లు అతన్ని పులస ఎక్కడ తినొచ్చని అడుగుతారట, అతను మంచి హోటలు చూపిస్తాడట. వరహాలు కేంద్రంలోనే మేత కలుపుతోంది.

కస్తూరికి పట్నానికి బదిలీ అయింది. వెళ్లేముందు ముత్యాలలంక వచ్చింది. వరహాలు టీ పెట్టి ఇచ్చింది.  లేవబోతూ కస్తూరి నన్ను చూసింది.

“అక్కా, ఇది నాకిస్తావా? అక్కడ ప్రదర్శనశాల ఉంది. అందరూ చూసేటట్టు పెడతాను.”

“ఏం చూపిత్తారమ్మా దీంట్లో?”

 వరహాలు నన్ను మరోసారి తుడిచి, పాతచీర ముక్కలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. నన్ను అప్పగించేటప్పుడు అడుగు కింద చెయ్యి ఆనించి పట్టుకోమని చెప్పింది. బరువు లేనిదాన్ని, ఖాళీదాన్ని. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఇప్పుడు నేను పట్నంలో అద్దాల బీరువాలో ఉన్నాను. పక్కన మందునీళ్ల జాడీలో, ఆ రోజు కస్తూరి పారేయకుండా దాచిన తల్లిచేప ఉంది. దాని గులాబీ జీర పోయి బూడిదరంగుకి తిరిగింది. మా కింద పేర్లు రాసిన అట్టముక్కలు ఉన్నాయి. వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు జాడీ ముందు తప్పకుండా ఆగుతారు. కస్తూరి బల్ల ఆ గదిలోనే ఉంది. ఏమైనా అడుగుతారేమోనని ఆమె లేచి వస్తుంది. ఆ చేప ఎంత దూరం నుంచి వస్తుందో, దారిలో ఏమేం దాటాలో, ఇప్పుడెందుకు రావడం లేదో చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. మొన్న ఒక కుటుంబం వచ్చింది. భార్య, భర్త, ఆయన తల్లి. పెద్దావిడ జాడీకి దగ్గరగా వంగి చూసి, అందరూ అడిగేదే అడిగింది, రుచి ఎలా ఉంటుందమ్మా అని.

“నాకు తెలీదండి. నేనెప్పుడూ తినలేదు,” అంది కస్తూరి.

వాళ్లు ఆమెని జాలిగా చూశారు. గోదావరి పక్కన అన్నేళ్లుండి కూడా ఆ అదృష్టం లేకపోయిందే అని పెద్దావిడ నిజంగానే బాధపడింది. కస్తూరి భుజం తట్టి, ఇంక దొరకవేమో పాపం అనుకుంటూ పక్కగదిలోకి వెళ్లారు.